దిగివచ్చిన మంచం

ఆ వడ్రంగి దృష్టిలో ఈ భూప్రపంచంలో సమంగా నిలబడిన వస్తువు ఒక్కటీ లేదు. ఎవరింటికి పరామర్శకు వెళ్ళినా ముందు కుర్చీని ఊపి చూస్తాడు, ఆ తర్వాతే మనిషిని పలకరిస్తాడు. ఊగిందంటే ఒక కాలు కోస్తాడు. అది పొట్టిదవుతుంది గనుక మిగతా మూడింటికీ న్యాయం చేస్తాడు. వీధి అంతా ఆయన్ని మట్టంగారు అంటుంది. ఆయన వస్తున్నాడని తెలిస్తే బల్లల్ని లోపలికి మోసుకుపోతుంది.

తన చెల్లెలు పోయినప్పటినుంచి ఆయన భార్య మంచం దిగడం లేదు. ఆ చెల్లెలు వదిలివెళ్ళిన ఆస్తి ఒక్కటే: బెత్తెడు కాళ్ళూ బారెడు ఒళ్ళూ ఉన్న కుక్క. దాని మీద చెయ్యి వేసుకుంటేగాని ఆవిడకు ముద్ద దిగదు. దానికేమో ఎవరు తలుపు తట్టినా తన మనిషే వచ్చిందని ఆశ. మంచం మీంచి దభీమని దూకి పరిగెత్తేది. పాలవాడి మొహం చూసి తల వేలాడేసుకుని తిరిగొచ్చేది. రోజుకు పదిసార్లు అదే చావు. చివరికొకనాడు దూకాక ముందరి ఎడమకాలు నేలకు ఆనించలేదు.

మట్టంగారే దాన్ని చంకన పెట్టుకుని పశువుల డాక్టరుకు చూపించి తెచ్చాడు.

"ఏమన్నాడండీ?"

"బెణికింది. మందిచ్చాడు."

"తగ్గకపోతే?"

"జన్మంతా కుంటడమేనట." ఆయన మంచం కోడు పట్టుకుని కదిపాడు. "ఇది ఊగుతోందే."

"ముప్ఫై ఏళ్ళుగా లేనిది ఇవాళ ఊగుతోందా?"

"నువ్వు గమనించలేదు."

రంపం తెచ్చాడు. ఆ వారం మంచం నాలుగంగుళాలు దిగింది. పై వారం మరో నాలుగు. తర్వాత సోఫా వంతు, దాని తర్వాత కుర్చీలది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి.

"ఇంట్లో శోకమొకటి చాలదా? మీ రంపం కూడా ఏడవాలా?" అందావిడ.

ఆయన పగలంతా వీధి గడప మీదే కూర్చుని, తలుపు తట్టబోయిన వాళ్ళందరినీ చేత్తోనే ఆపేవాడు. తన మొహం చూడలేకే బయట కూర్చుంటున్నాడని ఆవిడ అనుకుంది.

ఆరువారాలకు కుక్కను మళ్ళీ చూపించాలి.

"నా మోకాళ్ళు పట్టేశాయి. నువ్వే తీసుకెళ్ళు," అన్నాడాయన.

తిట్టుకుంటూనే ఆవిడ రెండు నెలల తర్వాత వీధి మొహం చూసింది.

డాక్టరు కాలు వంచి చూశాడు, కుక్కను నడిపించి చూశాడు. అది నాలుగు కాళ్ళ మీదా నడిచింది.

"గట్టిపడిందమ్మా. మంచం ఎంతకొచ్చింది?"

"మంచమేమిటి?"

"దూకితే బరువంతా ముందరికాళ్ళ మీదే పడుతుంది, వేరే గదిలో కట్టేయండి అన్నాను. 'దీన్ని తీసేస్తే మా ఆవిడ అన్నం మానేస్తుంది. కుక్కని దింపను, మంచాన్నే దింపుతా' అన్నాడు మీ ఆయన. పైగా మీకు చెప్పొద్దన్నాడు. మీవల్లే కుంటుతోందని కుమిలిపోతారట."

ఆవిడ ఇంటికొచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూలబడింది.

"ఏమన్నాడు?"

"కాలు దక్కిందన్నాడు. మీ సంగతీ చెప్పాడు."

"వాడికి కుక్కల సంగతి తెలుసుగాని మంచాల సంగతేం తెలుసు?"

"సరే, లేవండి. అన్నం పెడతాను. ఇద్దరం తిందాం."

ఆయన లేవబోయి కూర్చుండిపోయాడు. చెయ్యి అందించబోయి ఆవిడా ఆయన మీదే పడింది. కుక్క మాత్రం గడప దాటినంత తేలిగ్గా మంచం దిగి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఈ ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారా అని చూస్తూ ఉంది.