అమ్మమ్మ కళ్ళు మూసుకుని నడిచే నడక

సభలు జరిపించుకునేవాళ్ళు మా అమ్మమ్మని ఎదురుగా ‘మేడమ్’ అంటారు, వెనకాల ‘భయాలమ్మ’ అంటారు. రెండోదే సరైన పేరు. కంపెనీల మీటింగులు, డాక్టర్ల మహాసభలు, ముప్పై ఏళ్ళుగా ఏది ఏర్పాటు చేసినా భయపడుతూనే చేసింది. మైకు పలకదేమో, ముఖ్య అతిథి దారి తప్పుతాడేమో, నీళ్ళ సీసాలు చాలవేమో! ఆవిడ సంచీలో పిన్నీసులు, సుద్దముక్క, రెండు టార్చిలైట్లు ఉంటాయి. మొదటిది వెలగకపోతే ఎలాగన్న భయంతో రెండోది.

ఆవిడ ఎడమచేతి చిటికెనవేలు వంకర. ఇంకా కుర్చీలు వేయించే పనిలో ఉన్న రోజుల్లో ఒక సభలో కరెంటు పోయి, జనమంతా ఒకే తలుపు మీద పడ్డారట. ఆ తొక్కిసలాటలో విరిగిన వేలు అది. అప్పటినుంచి ప్రతి సభా మొదలయ్యేలోపు ముందు వరుస దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, చేయి చాచి, అడుగులు లెక్కపెడుతూ వెనక తలుపుదాకా నడుస్తుంది. తలుపు తోసి, బయటి గాలి మొహానికి తగిలాకే కళ్ళు తెరుస్తుంది. ఆ అంకె పుస్తకంలో రాసుకుంటుంది. హాలు వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే.

మొన్న ఆరువందలమంది డాక్టర్ల మహాసభ. మోకాళ్ళు పట్టేయడంతో ఆ నడక నాకు అప్పగించింది. పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని. కళ్ళు తెరుచుకునే అన్నీ తప్పుతుంటే, మూసుకుంటే ఇంకేముంది! పైగా వెనక గోడంతా అలంకరణవాళ్ళు నీలం తెర కట్టేశారు. తెర పైన దారి చూపే పచ్చదీపం వెలుగుతూనే ఉంది. దాని కింద తలుపు కాక ఇంకేం ఉంటుంది? కూర్చుని టీ తాగుతూ, నేల మీది పలకలు లెక్కపెట్టి, ముప్పై ఎనిమిది అని రాసేశాను.

పదకొండున్నరకి దీపాలన్నీ ఆర్పి, ఏదో ఆపరేషన్ సినిమా చూపించాలి. పావుగంట ముందు అమ్మమ్మ నా పక్కకి వచ్చింది.

“ఏమే, గాలి ఎలా ఉంది?”

“ఏ గాలి?”

“తలుపు తోస్తే తగిలిన గాలి. చల్లగానా, వేడిగానా?”

“మామూలుగానే…”

“నిజం చెప్పు పిల్లా. నడిచావా, టీ తాగావా?”

“టీ.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మొహం సున్నంలా పాలిపోయింది.

అంత సభలోనూ ఆవిడ ముందు వరుస నుంచి కళ్ళు మూసుకుని, చేయి చాచి, కుంటుతూ నడిచింది. ఎవరో డాక్టరు “పాపం, చూపు లేనట్టుంది” అన్నాడు. నలభై ఒకటో అడుగుకి చేయి తెరలోకి దిగి, ఇనుముకి తగిలింది. తెర తీసి చూస్తే, మిగిలిన కుర్చీలన్నీ మనిషెత్తు దొంతరలు. తలుపు వాటి వెనకాల, ఇంకో రెండడుగుల్లో ఉంది.

హాలు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. “సభ అయ్యాక తీయిస్తాలెండి మేడమ్. ఇంతలో ఏం కొంప మునుగుతుంది?”

“మునిగాక ఎవర్ని అడగను బాబూ? ఈ చివర పట్టుకో.”

నన్ను దీపాలవాడి దగ్గరికి తరిమింది. “పది నిమిషాలు ఆగన్నా,” అని బతిమాలాను.

“నా చేతిలో ఏముందమ్మా? పదకొండున్నరకి ఆర్పమని అధ్యక్షులవారి ఆజ్ఞ.”

తిరిగొచ్చి కుర్చీలు మోశాను. ఒక్కటి జారినా జనం ఉలిక్కిపడతారు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే మోస్తున్నాం. ఇంకా నాలుగు ఉండగానే దీపాలు ఆరిపోయాయి.

నా చేతిలోని కుర్చీ కాలు గోడకి కొట్టుకుంది. “ఏమిటా చప్పుడు?” అన్నారెవరో. ఒకరిద్దరు లేచిన అలికిడి. చీకట్లో అమ్మమ్మ చేయి నా చేతిని వెతికి పట్టుకుంది. వంకర వేలు నా అరచేతిలో వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఈ వణుకు మీద ఎన్ని జోకులు వేశానో!

“ఏం లేదండీ, కుర్చీ జరిపాం. కూర్చోండి,” అంది. గొంతు మాత్రం వణకలేదు.

ఆఖరి కుర్చీ పక్కకి జరిగింది. నా చేతిని తలుపు కడ్డీ మీద పెట్టి, “కళ్ళు మూసుకుని తొయ్,” అంది.

తోశాను. హాల్లోకి వెలుగు పడగానే “ఎవరది? తలుపు మూయండి!” అని డాక్టర్లు అరిచారు.

“ఎలా ఉంది?” అంది అమ్మమ్మ చెవిలో.

“వేడిగా ఉంది.”

“అయితే రాసుకో.”

తలుపు మూసి, పుస్తకంలో ముప్పై ఎనిమిది కొట్టేసి నలభై మూడు రాద్దామని అమ్మమ్మ ఇచ్చిన టార్చి నొక్కాను. అది వెలగలేదు. అమ్మమ్మ సంచీలోంచి రెండోది తీసి ఇచ్చింది.