మా వదిన చెప్పిన నీళ్ళ వాటం

వదిన పోయిందన్న మాట తిరుపతి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను అక్వేరియం తొట్టె కోసం బకెట్లో ఉప్పునీళ్ళు కలుపుతున్నాను. "అక్క పోయిందే" అన్నాడు. నీళ్ళు కలపడానికి బకెట్లో వేసిన చిన్న మోటరు తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని చాలాసేపటి దాకా తోచలేదు.

మా ఆయనకు తోడబుట్టినది ఆమె ఒక్కతే. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి సాకి, చదివించి, పెళ్ళి చేసింది. తాను చేసుకోలేదు. కడపలో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఆమె అంటే భయం. కూరలో ఉప్పెక్కువైతే ఒక్క మాట అనకుండా పళ్ళెం పక్కకు జరిపి మజ్జిగన్నం కలుపుకొనేది. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఆమె ఇంటి ముందుగదిలో గోడ పొడవునా సముద్రపు తొట్టె ఉండేది. చేపల కంటే ప్రాణమున్న పగడాలే ఎక్కువ. సముద్రంలోంచి కోసుకొచ్చినవి కొనేది కాదు. తొట్టెల్లో పెంచేవాళ్ళ దగ్గర చిన్న తుంటలు తెప్పించుకొని పెంచేది. "తాగే నీళ్ళకే ఎదురుచూసే ఊర్లో సముద్రం పెట్టుకునింది మీ వదిన" అని వీధిలో నవ్వేవాళ్ళు. ఎండాకాలం తొట్టె నీళ్ళకు చల్లబరిచే యంత్రం పెట్టి, తాను ఫ్యాను కింద కొంగుతో చెమట తుడుచుకొనేది.

కడుపులో గడ్డ అని తెలిసి మొదటి ఆపరేషన్ అయ్యాక, రోజూ క్యారియర్ తీసుకొని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆమె తింటూ ఉంటే నేను తొట్టె ముందు కూర్చునేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి "నువ్వూ ఒకటి పెట్టుకో అమ్మణ్ణీ" అంది.

"నాకేం తెలుసు వదినా!"

"తెలుసుకుంటావు లే. నేనుండా కదా."

అట్లా మా ఇంట్లోకి రెండువందల లీటర్ల తొట్టె, దాని కింద నీళ్ళు వడగట్టే చిన్న తొట్టె వచ్చాయి. నీళ్ళు తిరక్కపోతే పగడాలు బతకవని విని, దొరికినవాటిలో గట్టి మోటరు తెప్పించాను. పెట్టిన రోజే ఇసుకంతా లేచి ఒక మూలకు కుప్పపడింది. అడుగునున్న అద్దం బయటపడింది. కొత్తగా తెచ్చిన బొత్తాల్లాంటి చిన్న పగడాలు ముడుచుకుపోయి మళ్ళీ విప్పుకోలేదు. ఫోన్ చేస్తే, కుట్లు ఇంకా మానకుండానే ఆటోలో వచ్చింది. కడుపు మీద చెయ్యి పెట్టుకొని పీట మీద కూర్చుంది.

"ఏమ్మే, తొట్టె పెట్టినావా, బాయి మోటరు పెట్టినావా? గంటకు ఎనిమిది వేల లీటర్లు తోసేది నీకు యాల?"

"మరి ఎంత కావాల వదినా?"

"నువ్వు పెంచేది మెత్తటి పగడాలు. తొట్టెలో నీళ్ళు గంటకు పదిసార్లు, మించితే ఇరవైసార్లు తిరిగితే శానా. అంటే నీకు రెండువేల నుంచి నాలుగువేలు. తక్కువతో మొదలుపెట్టు. పగడాన్ని చూసుకుంటా పెంచుకో."

"కింది తొట్టెలోంచి నీళ్ళెక్కించే మోటరు గూడా తోస్తాంది కదా?"

"దాన్ని నమ్ముకోవద్దు. పెట్టె మీద రాసింది ఎత్తు లేనప్పటి లెక్క. నాలుగడుగులు ఎక్కేసరికి సగం సత్తువ పోతాది. నీళ్ళు పైకి తేవడమే దాని పని. పగడాల కాడ నీళ్ళాడించేది వేరే."

ఆ గట్టి మోటరు తీసేయించి రెండు చిన్నవి పెట్టించింది. రెండూ చెరో పక్కనుంచి ముందు అద్దానికేసి తోసేటట్టు తిప్పింది. రెండు ధారలూ కలిసి విరిగిపోయి తొట్టె అంతా నెమ్మదిగా కదిలింది. "నీళ్ళు పగడాన్ని నిమరల్ల. చెంపదెబ్బ కొట్టగూడదు" అంది.

ఆ తర్వాత నేను భయపడి మోటర్ల వేగం మరీ తగ్గించాను. రాళ్ళ వెనకాల మడ్డి పేరుకొని, ఎర్రటి జిగురు పట్టింది. ఈసారి ఆమె కోప్పడలేదు. చిటికెడు మేత నీళ్ళలో వేసి చూస్తూ కూర్చుంది. "మోటరును చూస్తే ఏం తెలీదమ్మే. మేత యాడికి పోతాందో చూడు. అది యాడ నిలబడితే ఆడ మురుగు." ఆ మధ్యాహ్నమంతా మేత నలుసుల వెంట మా ఇద్దరి తలలూ తిరిగాయి. ఆమె నాతో అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

తనకు పొద్దుపోక నాకు నేర్పుతోందనుకున్నాను. గడ్డ మళ్ళీ వచ్చిందని డాక్టర్లు చెప్పాక ఆమే అడిగింది.

"నావన్నీ నీ తొట్టెలో పెట్టుకుంటావా?"

అప్పుడర్థమైంది. మొదటి ఆపరేషన్ నాడే ఆమె తన ప్రాణులకు ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

వాటిలో ఒకటి పుట్టగొడుగు ఆకారంలో, అరచేతికన్నా పెద్దగా ఉండే తోలు పగడం. బొటనవేలంత తుంట నుంచి ఆమె పెంచింది. మా తొట్టెలోకి రాగానే అది ముడుచుకుంది. పైన మైనం లాంటి పొర కమ్మింది. నేను మోటరు తగ్గించేశాను. అప్పటికే మా ఆయన ఆమెను తిరుపతికి తీసుకెళ్ళాడు. వీడియో కాల్‌లో ఆమె నన్ను చూడలేదు, నా వెనకున్న తొట్టెను చూసింది.

"మోటరు తగ్గించినావా?"

"తగ్గించినా వదినా. సచ్చిపోతాందేమోనని..."

"సావడంల్యా. పాత తోలు విడుస్తాంది. ఆ తోలు ఊడిపోవల్లంటే నీళ్ళు కావల్ల. పెంచు. నేరుగా కొట్టనీయొద్దు, పక్కనించి పోనీ."

"నాకు భయమేస్తాంది."

కాసేపు ఆయాసపడింది. "భయంల్యాని వాళ్ళకు నేనెందుకిస్తానే?" అంది.

మోటరు పెంచాను. పొర పీలికలుగా ఊడి కొట్టుకుపోయింది. ఒక ఉదయం చూస్తే పుట్టగొడుగు అంచుల నుంచి నడుమ దాకా సన్నటి కొసలన్నీ బయటికొచ్చి నీళ్ళతో పాటు ఊగుతున్నాయి. ఫోన్ చేశాను. మా ఆయన ఆమె ముఖం దగ్గర పట్టుకున్నాడు. కళ్ళు మాత్రమే కదులుతున్నాయి. చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూశాను.

"ఈ పొద్దు మేత ఎయ్యొద్దు" అంది.

నాతో ఆమె ఆడిన చివరి మాట అదే. ఆ వారంలోనే పోయింది.

కర్మలయ్యాక ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాం. మా ఆయన ఎన్నడూ ఆ తొట్టె జోలికి పోయినవాడు కాదు. ఆ రోజు మాత్రం నలుగురిని పిలిచి, తనూ చెయ్యి వేసి, కడిగి ఆరబెట్టడానికి దాన్ని మిద్దె మీదికి మోయించాడు. అడుగున ఇంకా కొన్ని నీళ్ళున్నాయి. తొట్టెను వంచితే అవి నల్లబండల మీద పారి, పిట్టగోడ దాకా పోయి ఆగాయి.

కడప ఎండ కదా, చూస్తుండగానే ఆరిపోయాయి. బండల మీద తెల్లగా ఉప్పు తేలింది. నీళ్ళు ఏ వైపు నుంచి ఎట్లా పోయాయో, యాడ చీలి యాడ కలిశాయో అన్నీ గీతలుగా కనిపిస్తున్నాయి. నేను చీపురు తెచ్చాను.

"ఉండనీలే" అన్నాడు మా ఆయన.

చెప్పులు విడిచి, ఆ తెలుపును తొక్కకుండా అంచున కూర్చున్నాడు. బండలు కాలుతున్నాయి. ఆయన లేవలేదు.