బేస్ తగ్గించిన చెయ్యి

మంచి ఆల్బం వింటే నలుగురికీ చెప్పాలనిపిస్తుంది కదా? నాకూ అనిపిస్తుంది. నాకు ప్రాణమైన ఆల్బం ఒకటుంది. దాని గురించి ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే ఎవరిదని అడుగుతారు. చెప్పాననుకోండి, మరి బయటికెందుకు రాలేదని అడుగుతారు. రాకపోవడానికి కారణం నేను. ఈ బరువు మోసీ మోసీ అలిసిపోయాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను, అందుకే మీ దగ్గర దించుకుంటున్నాను.

ఆల్బం నూకరాజుది. యారాడలో సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం వాళ్లది. మేం ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్లం, నాన్నది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. కాలేజీలో కలిశాం. వరసేమీ లేదు గానీ ఒకర్నొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. నాకు సొంత డీజే సెట్టు ఉండేది. పెళ్లి ఊరేగింపైనా, అమ్మవారి పండగైనా కబురు నాకే వచ్చేది. నేను మిక్సర్ ముందు నిలబడితే చాలు, కుర్రాళ్లు ఈలలేసేవారు. ఆ ఈలలకి నేనెంత ఉబ్బిపోయేవాణ్నో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒక వేసవిలో, వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డున పడున్న రోజుల్లో, నూకరాజు పాత ల్యాప్‌టాప్ ఒకటి ముందేసుకుని ఆ ఆల్బం చేశాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు. ఒకరోజు పెన్ డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ముందు నువ్విను బావా" అని నిలబడకుండా వెళ్లిపోయాడు.

విన్నాను. అబ్బా, ఏం చెప్పమంటారు! మొదటి పాటలోనే బేస్ లేచి గెంతడం మొదలెడుతుంది. దాని మీద చప్పట్లు, మధ్యమధ్యలో కితకితలు పెట్టినట్టు తుళ్లిపడే కీబోర్డు. అంతలో వాళ్లమ్మ గొంతు! ఆమె మార్కెట్లో చేపలమ్ముతుంది. "రండమ్మా రండి, తాజా సందువలు" అని ఆమె వేసే కేకని వాడు రికార్డు చేసి, ముక్కలు చేసి, సరిగ్గా బేస్ దెబ్బ మీద కూర్చోబెట్టాడు. ఆ కేక ఆగినట్టే ఆగి మళ్లీ పడేసరికి నేను మంచం మీంచి లేచి ఎగరడం మొదలెట్టాను. మా అమ్మ తలుపు తోసి, "ఏటిరా, పూనకవా?" అంది.

ఆ ఎగరడంలోనే నాకు కడుపు మండింది. ఎవరో చేసిన పాటలు వేసి నేనిన్నాళ్లూ గొప్పవాణ్ననిపించుకున్నాను. వీడి పాట ఒక్కసారి జనం చెవిన పడిందంటే నన్నింక ఎవడూ చూడడని తెలిసిపోయింది. అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది. నాది ఉత్త కుళ్లు.

నిషేధం అయిపోయి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగే ముందు వాళ్ల ఊళ్లో గంగమ్మ పండగ చేస్తారు. ఊరు ఊరంతా ఇసకలోకి వస్తుంది. ఆ సాయంత్రం డీజే నాదే. తన పాట అక్కడ వెయ్యమని నూకరాజు అడిగాడు. తన ఊరివాళ్లు ఎగిరితే ఆల్బం నెట్‌లో పెడతానని, ఎగరకపోతే ఈ పిచ్చి మానుకుని వేటకెళ్లిపోతానని ముందే నాతో అన్నాడు. అంటే నాకన్నీ తెలుసు. తెలిసే చేశాను. దయచేసి నన్ను అమాయకుణ్ననుకోకండి.

వాడు వాళ్లమ్మకి కొత్త చీర కట్టించి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే నిలబడ్డాడు. నేను పెన్ డ్రైవ్ పెట్టాను. బేస్ నాబ్ పట్టుకుని మొత్తం కిందకి తిప్పేశాను. అంతే, నేను చేసిందల్లా అదే. బాక్సులు బాక్సుల్లాగే ఉన్నాయి, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పాటలో మాత్రం కాళ్లు కదిపించేదేదీ మిగల్లేదు. రేకు మీద గోకినట్టు ఏదో చప్పుడు, దాని మీద వాళ్లమ్మ గొంతు ఒక్కటే, కీచుగా, రండమ్మా రండమ్మా అని. జనం మొహమొహాలు చూసుకున్నారు. "ఏట్రా, మీ యమ్మ పండగలో కూడా సేపలమ్ముతందా?" అని ఎవడో అరిచాడు. ఊరంతా గొల్లుమంది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

నా వేళ్లు ఇంకా నాబ్ మీదే ఉన్నాయి. ఒక్క తిప్పు తిప్పితే సరిపోయేది. ఎందుకు తిప్పలేదు? ఆమె మొహం చూశాక కూడా ఎందుకు తిప్పలేదు? తిప్పితే వాళ్లంతా లేచి ఎగురుతారని నాకు గట్టిగా తెలుసు, అందుకే తిప్పలేదు. పాట మార్చి, ఎప్పుడూ వేసేదే ఒకటి వేసి, బేస్ నిండుగా పెట్టాను. ఇసక లేచిపోయేలా ఎగిరారు. నాకు ఈలలేశారు. ఛీ, నాకప్పుడు సంతోషం కూడా వేసింది.

వాడు నా దగ్గరికొచ్చాడు.

"బావా, బేస్ నేదేటి?"

"ఫుల్లు పెట్టినాను. నువ్వు ఇయర్‌ఫోన్లో విని సేసీసినావు. పెద్ద బాక్సుల మీద ఇలాగే ఉంటది."

"అయితే బాగోనేదా?"

"జనం సెప్పీసినారు కదా."

వాడు తలూపాడు. సౌండు సంగతి నాకే బాగా తెలుసని వాడి నమ్మకం. పెన్ డ్రైవ్ వెనక్కి ఇవ్వబోతే పారెయ్యమన్నాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేసి, దాన్ని ఎవరికో అమ్మేసి, వాళ్ల ఊరి కుర్రాళ్లు చాలామంది వెళ్లినట్టే గుజరాత్ పడవల్లో వేట పనికి వెళ్లిపోయాడు.

నేను పారెయ్యలేదు. ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఇప్పుడు నేనూ ప్లాంటులోనే కాంట్రాక్టు పనికెళ్తున్నాను. డ్యూటీకి వెళ్లే బస్సులో రోజూ ఆ ఆల్బమే వింటాను. ఇప్పటికీ ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలిసి కూడా ఒళ్లు ఊగిపోతుంది. ఒకసారి పక్కసీటతను నా ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని విని, "ఓరి నాయనో, ఎవల్దిరా ఇది? నాకూ పంపు" అన్నాడు. అదేదో విదేశాలదని, ఫైలు వెళ్లదని అబద్ధమాడాను. నూకరాజు అని ఒక్క మాట అనలేదు. అప్పుడు కుళ్లుతో చేశాను, సరే. మరి ఇప్పుడు? ఇప్పుడు పిరికితనం. రెండిట్లో ఏది పెద్ద పాపమో నాకు తేలడం లేదు.

మొన్న వేట నిషేధానికి వాడు ఊరొచ్చాడు. ఎండు చేపలు, నెత్తళ్లు పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. మాటల్లో వాళ్లమ్మ ఇప్పుడు మార్కెట్లో కేకెయ్యడం మానేసిందని, గంప ముందర నోరు మూసుకుని కూర్చుంటుందని నవ్వుతూ చెప్పాడు. వెళ్లేముందు నా భుజం పట్టుకుని, "ఆ రోజు నువ్వు మొగమాటపడకుండా నిజం సెప్పినావు బావా. నేకపోతే నాను ఆ పిచ్చిలోనే ఉండిపోదును" అన్నాడు.

"పర్లేదులే" అన్నాను.

పర్లేదట! వాడు నాకు కృతజ్ఞత చెబుతుంటే నేను పెద్దమనసుతో పుచ్చుకున్నాను. ఆ రాత్రి నుంచి నాకు తిండి సయించడం లేదు. వాడికి చెబుతానని మీకు మాటివ్వలేను. ఎన్నిసార్లు ఫోన్ తీశానో, ఎన్నిసార్లు పక్కన పెట్టానో నాకే తెలీదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు పాపం. కానీ బాగోనేదా అని వాడు అడిగినప్పుడు నేను అనాల్సిన మాట ఒకటుంది. కనీసం మీతోనైనా అననివ్వండి.

అదిరిపోయింది రా బావా. నీ అంత వాణ్ని నేను చూళ్లేదు.