వెనక్కి చూసే పిల్ల

నేను పళ్ళ డాక్టర్ని. ప్రొద్దుటూరులో పద్దెనిమిదేళ్ళుగా పళ్ళు పీకుతున్నాను. దయ్యాలను నమ్మేదాన్నయితే నా చదువు మొదటి ఏడాదే ఆగిపోయేది. హాస్టల్లో నా మంచం కింద అట్టపెట్టెలో ఒక పుర్రె ఉండేది. పరీక్షల ముందు దాన్ని పక్కలో పెట్టుకుని చదువుతూ అలాగే నిద్రపోయిన రోజులున్నాయి. గాలి సోకి దవడ వాచిందని మెడలో తాయెత్తుతో వచ్చినవాళ్ళకు, తాయెత్తు జోలికి పోకుండా పన్ను మాత్రం పీకి పంపించాను. అందరూ బాగానే ఉన్నారు.

అందుకే ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

శ్రీలంకలో జరిగింది చెప్పాలంటే ముందు మా ఊళ్ళో జరిగింది చెప్పాలి. అందులో దయ్యమేమీ లేదు. దయ్యముంటే బాగుండేది.

మాది ఎర్రగుంట్లకూ జమ్మలమడుగుకూ మధ్య ఒక పల్లె. నా చిన్నప్పుడు ఊళ్ళో రెండు పార్టీలు. పేరుకు పార్టీలు, జెండాలు వేరు వేరు. లోపల ఉన్నది రెండిళ్ళ పగ. మీరు ఈ పార్టీలో ఎందుకున్నారని అడిగితే, వాళ్ళు ఆ పార్టీలో ఉన్నారు గనక అనేవాళ్ళు. అంతకు మించి ఎవరికీ తెలీదు.

మా నాన్న ఒక పార్టీకి పెద్ద. ఒక హత్య కేసులో ముద్దాయి. జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉన్నప్పుడల్లా పోవాలి. వాయిదా రోజు మనిషి ఏ దారిన, ఏ వేళకు పోతాడో ఊరందరికీ తెలుస్తుంది. చంపదలుచుకున్నవాళ్ళకు అంతకంటే మంచిరోజు పంచాంగంలో దొరకదు.

అందుకని నాన్న నన్ను వెంట తీసుకుపోయేవాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆడపిల్ల బండి మీద ఉంటే బాంబు వెయ్యరని, చెయ్యెత్తరని మా వైపు ఒక లెక్క ఉండేది. మోటారు సైకిలు మీద ఆయన వీపుకు నా వీపు ఆనించి, మొహం వెనక్కి పెట్టి కూర్చునేదాన్ని. వెనక ఏం వస్తోందో చూసి చెప్పడం నా పని. ఫ్యాక్షన్‌లో ఉన్న చాలామందికి ఇలా వెనక్కి చూసే మనిషి ఒకడు ఉండేవాడు. నాన్నకు నేను. డాలూ నేనే, కన్నూ నేనే.

"కుక్క వచ్చినా చెప్పల్ల పాపా" అనేవాడు.

కుడి భుజానికి పాత దెబ్బ ఉండడంతో ఆయన కొంచెం ఎడమకు ఒరిగి బండి నడిపేవాడు. వీపుల మధ్య పైన సందు ఉండేది, కింద ఎడమవైపు మాత్రం గట్టిగా ఒత్తుకునేది. ఆ ఒత్తిడి నాకు ఎంత అలవాటంటే, బడిలో గోడకు ఆనుకుని కూర్చున్నా నేను అటే ఒరిగేదాన్ని.

ఒక వాయిదా రోజు వెనక దుమ్ములో జీపు కనబడింది. "నాయినా, జీపు!" అని అరిచాను. నాన్న బండి పడేసి, నన్ను ఈడ్చుకుంటూ కందిచేన్లో దూరాడు. ఆయన వెంట ఇంకో బండి మీద వస్తున్న ఇద్దరూ దూరారు. జీపు వచ్చి ఆగింది. అందులో పెళ్ళికి పోతున్న మేళగాళ్ళున్నారు. "ఏందప్పా, బండి పడిందా?" అని పాపం వాళ్ళు సాయానికి దిగారు.

రెండో రోజుకల్లా ఊళ్ళో అవతలి పార్టీవాళ్ళు డోలు శబ్దం నోటితో చేసి నవ్వడం మొదలుపెట్టారు. మా నాన్న చావుకు భయపడతాడో లేదో నాకు తెలీదు గానీ నవ్వుకు భయపడేవాడు. సాయంత్రం మనుషులందరూ కూర్చున్నప్పుడు నన్ను పిలిచి చెంప మీద కొట్టాడు. పన్నొకటి ఊడి అరచేతిలో పడింది. అది పాలపన్నే, ఎలాగూ ఊడాల్సిందేనని ఇప్పుడు డాక్టరుగా చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయాను.

"ఇంగోతూరి ఉత్తపుణ్యానికి నోరు తెరిస్తే పండ్లన్నీ రాలగొడ్తా. గమ్మునుండు" అన్నాడు. అమ్మ తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉంది. 

తర్వాతి వాయిదాకు మళ్ళీ నన్నే ఎక్కించుకున్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆ రోజు వెంట ఇంకో బండి లేదు. ఊరి బయట కాలువ మీది మోరీ దాటాక వెనక జీపు కనబడింది. నంబరు లేదు. టాపు చినిగి ఉంది. అందులో ఉన్నది మేళగాళ్ళు కాదని నాకు స్పష్టంగా తెలిసింది. చెప్పడానికి బోలెడంత వ్యవధి ఉంది. పక్కన చెరకుతోట కూడా ఉంది.

నేను చెప్పలేదు.

భయంతో గొంతు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కసితో చెప్పలేదు. నేను బండి మీద ఉన్నాను కదా, ఏమీ చెయ్యరు, ఈయన కాస్త హడలిపోతే చాలు అనుకున్నాను. ఆ లెక్క పెద్దవాళ్ళు చెప్పిందే. నేను పూర్తిగా నమ్మాను.

జీపు బండిని గుద్ది ఆపింది. ఒకడు నన్ను ఎత్తి గట్టు మీద నిలబెట్టాడు. ఊడిపడిన నా చెప్పు వెతికి తెచ్చి చేతికిచ్చాడు. "ఈ పక్క చూడాకు పాపా, ఆ పక్కకు తిరుగు" అన్నాడు. తిరిగాను. ఆడపిల్ల మీద చెయ్యెత్తరన్న మాట వాళ్ళు తప్పలేదు. నా మీద ఎత్తలేదు.

పోలీసులకు, కళ్ళలో దుమ్ము పడి ఏమీ కనబడలేదని చెప్పాను. "పసిబిడ్డ సార్, దానికేం తెలుసు" అంది అమ్మ. కొన్నేళ్ళకు రెండు పార్టీలూ రాజీ అయ్యాయి. జీపును నేను ముందే చూశానన్న సంగతి ఆనాటి నుంచి ఈనాటి వరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మాయి హారికకు తాతను చంపారని తెలుసు, ఫొటో చూసింది. బండి మీద నేనున్న సంగతి దానికి తెలీదు.

ఇక శ్రీలంక. హారిక ఇంటర్ పూర్తయ్యాక సర్ఫింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. పెన్నకు నీళ్ళొస్తే వంతెన మీద నిలబడి చూసొచ్చే జనం మేం. అలల మీద నిలబడడమేమిటే అన్నాను. మా ఆయనకు బకెట్ నీళ్ళే ఎక్కువ, రానన్నాడు. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక నేను వెంట పోయాను. వెలిగమ అని దక్షిణాన సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడి క్యాంపులో వారం రోజుల పాఠాలు.

తీరా పోయాక ఊరికే కూర్చోవడమెందుకని నేనూ చేరాను. పొద్దున నీళ్ళలో పాఠం. ఒడ్డు నుంచి ఒకతను వీడియో తీస్తాడు. మధ్యాహ్నం అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి ఎవరి తప్పులు వాళ్ళకు చూపిస్తారు. మాకు నేర్పే అతని పేరు రువన్. మంచివాడు, పొదుపుగా మాట్లాడతాడు.

మొదటి రోజు వీడియోలోనే నా తప్పు కనబడింది. నా బోర్డు వెనక కొస నీళ్ళలో మునిగి, ముందు కొస పైకి లేచి ఉంది. ఇంకా ముందుకు జరగమన్నాడు రువన్. జరిగాను. రెండో రోజూ అంతే. మూడో రోజు అందరికంటే పెద్ద బోర్డిచ్చాడు. అదీ మునిగింది. నా బరువు యాభై ఆరు కిలోలు. మధ్యాహ్నం అదే బోర్డు మీద తొంభై కిలోల జర్మన్ మనిషి ఎక్కితే బల్లలాగా తేలింది. రువన్ దాన్ని ఒడ్డున బోర్లించి, ఎక్కడన్నా పగిలి నీళ్ళు పట్టిందేమోనని తట్టి చూశాడు. ఏమీ లేదు. వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నట్టుంది అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఐదో రోజు మమ్మల్ని లోపలికి, అలలు పుట్టే చోటికి తీసుకుపోయారు. అక్కడ బోర్డు మీద కాళ్ళు అటూ ఇటూ వేసి, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చోవాలి. పోవలసింది ఒడ్డుకు, చూడవలసింది వెనక్కి. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ నేను అదే విధంగా కూర్చున్నాను.

అప్పుడు నా వీపుకు ఇంకో వీపు ఆనింది.

పొద్దున తొమ్మిది గంటలు. మంచి ఎండ. చుట్టూ పదిమంది ఉన్నారు. జ్వరం లేదు, మందులేవీ వాడడం లేదు. వీపు వెచ్చగా ఉంది. పైన సందు, కింద ఎడమవైపు ఒత్తిడి. వెన్నుపూస నా వెన్నుపూసకు తగులుతోంది. తల తిప్పి చూడలేదు. నిజం చెప్పాలంటే భయం వెయ్యలేదు. సిగ్గు లేకుండా ఒరిగాను. నాయినా అనుకున్నాను. ఏడుపొచ్చింది.

హారిక నాకంటే ఒడ్డుకు దగ్గరగా ఉంది, సముద్రానికి వీపు పెట్టి. ఒక పెద్ద అల లేచింది. నాకంటే లోపల ఎవరో పడిపోయారు, కాలికి కట్టుకునే తాడు తెగి వాళ్ళ బోర్డు ఒంటరిగా అల మీద కొట్టుకొస్తోంది. నన్ను దాటి హారిక వైపు పోతుందని నాకు తెలిసింది. చెప్పడానికి వ్యవధి ఉంది.

"గమ్మునుండు" అని వినబడింది. చెవిలో కాదు. వీపులోంచి. మనిషి మాట్లాడితే వీపు ఎలా అదురుతుందో అలా.

ఈసారి నేను గమ్మున ఉండలేదు. తల తిప్పి, గొంతు చినిగేట్టు అరిచాను. "హారీ! ఎనక చూడే! ఎనక!"

హారిక వెనక్కి తిరిగింది. బోర్డు అంచు తిన్నగా దాని నోటి మీద తగిలింది.

పై వరసలో ముందు పళ్ళు రెండు అక్కడే రాలిపోయాయి. పక్క పన్ను సగానికి విరిగింది. పెదవి లోపలా బయటా కుట్లు పడ్డాయి. ప్రాణాపాయం లేదన్నారు. అక్కడి ఆసుపత్రిలో దాని నోరు తెరిచి చూసింది కూడా నేనే, వేరే డాక్టరు వచ్చేదాకా. అలవాటైన పని.

మర్నాడు నేనే అడిగితే రువన్ వీడియో చూపించాడు. చూడకుండా ఉంటే బాగుండేది. బోర్డు హారికకు మూరెడు దూరంలో పక్కనుంచి పోయేదే. హారిక తిరిగినప్పుడు ఒళ్ళు ఒరిగి, బోర్డు పోయే దారిలోకి వచ్చింది. నీళ్ళలో ఎప్పుడూ వెనక్కి చూడమని అరవకూడదు, తల కప్పుకోమని అరవాలి అన్నాడు రువన్ మెల్లగా. నన్ను తప్పు పట్టాలని కాదు. నేర్పేవాడు కదా, చెప్పకుండా ఉండలేకపోయాడు.

వీడియోలో ఇంకొకటి కూడా ఉంది. నేను కూర్చున్నంతసేపూ బోర్డు వెనక కొస మునిగే ఉంది. అరిచిన క్షణంలో పైకి లేచింది. నేను వెల్లకిలా నీళ్ళలో పడ్డాను, ఆనుకున్న గోడ తీసేసినట్టు. రువన్ దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. టీవీ ఆపేశాడు.

హారిక మాట్లాడలేక ఫోన్లో టైప్ చేసి చూపించేది. మూడో రోజు ఇలా టైప్ చేసింది: "నువ్వు అరవకముందు నీ వెనక ఉన్న తెల్లచొక్కా ఆయన ఎవరు? ఇద్దరూ వీపులు ఆనించుకుని ఎందుకు కూర్చున్నారు?"

తెల్లచొక్కాకు నేను జవాబు చెప్పుకోగలను. ఫొటోలో తాత తెల్లచొక్కాతోనే ఉంటాడు. దెబ్బ తగిలిన మనిషి మెదడు పాత బొమ్మలు తీసి అతికించుకుంటుంది. వీపుల సంగతి మాత్రం దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరూ లేరే, ఎండలో నీకు అట్లా కనబడింది అన్నాను.

ప్రొద్దుటూరు వచ్చాక దానికి పళ్ళు నేనే పెట్టాను. బాగా కుదిరాయి. అది నవ్వితే ఎవరికీ తెలీదు. నాకు మాత్రం "పండ్లన్నీ రాలగొడ్తా" అన్న మాట వినబడుతుంది. అప్పుడు నోరు మూసుకుంటే ఆయన పోయాడు. ఇప్పుడు నోరు తెరిస్తే దాని పళ్ళు పోయాయి. కన్న తండ్రి ఇంత పగ పెట్టుకుంటాడా? ఒకవేళ అది పగ కాదేమో, ఆ బోర్డు తగలకుండా పోతుందని తెలిసే నన్ను గమ్మునుండమన్నాడేమో. అలా అనుకుంటే ఇంకా ఎక్కువ బాధ కలుగుతుంది.

మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. వచ్చిన రోజు ఆమెకు జరిగింది చెప్పాను. బోర్డు సంగతి, అల సంగతి, అంతే. వీపు సంగతి చెప్పలేదు. నేను అరిచానని కూడా చెప్పలేదు. శెనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది. తల ఎత్తకుండా ఒకే ఒక మాట అడిగింది.

"ఈతూరన్నా నోరు తెరిస్తివా మే?"

తెరిచానన్నాను. అమ్మ ఇంకో కాయ ఒలిచింది.

బోర్డు ఎందుకు మునిగిందో, హారిక ఎవరిని చూసిందో నాకు ఈరోజుకీ తెలీదు. నేను ఆ జీపును చూశానని ముప్పై ఏళ్ళుగా అమ్మకు ఎట్లా తెలుసో, తెలిసి నాకు రోజూ అన్నం ఎట్లా పెట్టిందో అంతకన్నా తెలీదు. అడగడానికి నాకు నోరు రావడం లేదు.