నేను పెట్టి చూడని కెమెరా

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో అలాంటివి నమ్మడాన్ని చిన్నతనంగా చూసేవారు. ఇప్పుడు చెప్పబోయే దానిలో చనిపోయినవారు కూడా ఎవరూ లేరు. జరిగింది ఆదివారం, పట్టపగలు.

మాది రావల్కోల్. ఊళ్లో మాకు కోటలాంటి దొరల ఇల్లు, గడీ ఉండేది, భూములుండేవి. ఇప్పుడు గడీ ఉన్న చోట ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. నేను మేడ్చల్‌లో అద్దెకుంటూ కంప్యూటర్ పని చేసుకుంటున్నాను. దానితో పాటు, ఎవరైనా చూసి సవరించగల ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెమెరా డ్రైవర్ల బాధ్యత నాది. కెమెరాను కంప్యూటర్‌తో పని చేయించే కోడ్‌ను డ్రైవర్ అంటారు. దానికి ఎవరు మార్పు పంపినా నేను పరిశీలించి సరే అంటేనే లోపలికి వస్తుంది. ఒప్పుకుంటాను, అక్కడైనా నా మాట చెల్లడం నాకు ఇష్టంగా ఉండేది.

శామీర్‌పేట నుంచి నర్సింగ్ అనే అతను ఒక మార్పు పంపాడు. సీసీ కెమెరాలు బిగిస్తూ, బాగుచేస్తూ సొంతంగా కోడ్ నేర్చుకున్నవాడు. ఒక చవక రకం కెమెరాకు కరెంటు అందీ అందకముందే మన డ్రైవర్ ఆదేశాలు పంపుతోందనీ, అందుకే బొమ్మ నల్లగా వస్తోందనీ రాశాడు. రెప్పపాటు ఆగితే చాలన్నాడు. మొత్తం మూడు లైన్లు.

ఆ రకం కెమెరా నా దగ్గర లేదు. అయినా "పెట్టి చూశాను, పని చేయలేదు" అని అందరూ చదివే చోట నా పేరుతో రాశాను. కారణం చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అతను విడిగా రాసిన మెయిల్‌లో నన్ను "అన్నా" అన్నాడు. వాళ్ల తాత మా గడీకి చేపలు తెచ్చేవాడని కూడా సంతోషంగా రాశాడు. ఆ తాత మా తాతను అలా పిలిచి ఉండడు.

శుక్రవారం పొద్దున అతనే మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసే ఉంది. నేను గుమ్మానికి వీపు పెట్టి పని చేసుకుంటున్నాను.

"అన్నా, నేను నర్సింగ్‌ను. గీ కెమెరా బజార్ల దొర్కుతనే లేదు గద. మరి నువ్వేం వెట్టి సూసినవే, చెంచా వెట్టినవా?" అని నవ్వాడు.

వెనక అతని చేతిలో పొట్లం చప్పుడైనా నేను టైపు చేస్తూనే ఉన్నాను.

"గిది నీ తాననే ఉంచుకో. ఒక్కసారి వెట్టి సూడన్నా. సోమారం లోపట మార్పు లోపటికి వోతే కెమెరాల కంపెనోళ్లు నాకు నౌకరి ఇస్తమన్నరు."

"అక్కడ పెట్టి వెళ్లు," అన్నాను. తల తిప్పలేదు. లోపలికి రమ్మనలేదు. అతను గడప అవతల కాసేపు నిలబడి, పొట్లం కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సోమవారం గడిచిపోయింది. తర్వాతి ఆదివారం పొట్లం విప్పాను. అతని కోడ్‌లో తప్పు పట్టుకోవాలనే విప్పాను. కెమెరాను బల్ల మీద గోడకేసి పెట్టి, ఆ మూడు లైన్లు చేర్చి, బొమ్మ తీశాను.

బొమ్మ స్పష్టంగా వచ్చింది. అందులో గోడ లేదు. మా గది ఉంది, గడప అవతల నిలబడిన మనిషికి కనిపించినట్టు. కుర్చీలో నేనున్నాను, నర్సింగ్ వచ్చిన శుక్రవారం వేసుకున్న నీలం గళ్ల చొక్కాలో. నేను అప్పుడు వేసుకున్నది తెల్లది. బొమ్మలో నేను గుమ్మం వైపు తల తిప్పి ఉన్నాను. ఏదో అనబోతున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

ఆ కెమెరాలో బొమ్మలు దాచుకునే చోటే ఉండదు. మళ్లీ తీస్తే గోడ వచ్చింది. ఇంకో పదిసార్లు తీశాను. గోడే.

మధ్యాహ్నం, ముందు నేను పరీక్షించకుండానే రాశానని అందరికీ తెలిసేలా ఒప్పుకుని, మార్పుకు సరే అన్నాను. తర్వాత శామీర్‌పేట వెళ్లాను. నర్సింగ్ ఒక దుకాణం ముందు నిచ్చెన మీద ఉన్నాడు. మార్పుకు సరే అన్న సంగతి చెప్పాను.

"నౌకరి వేరేటోనికి ఇచ్చిన్రన్నా," అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "పోనీ తీ."

క్షమించమనే మాట నా నోట రాలేదు. ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాను. అతను దిగి వచ్చి, చెయ్యి తుడుచుకుని, చాలాసేపు చూశాడు.

"గడప కాడికెల్లి నాకు గిట్లనే కానొచ్చింది. గీ అంగీనే. గానీ అన్నా, నువ్వు తిర్గలే గద."

తిరగలేదు. ఆ బొమ్మలో ఉన్నది నేనే. ఆ తల ఎప్పుడు తిప్పానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.