మా చెరువు నీళ్లలో ఆరిన వెలుగు

ఏలూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే రోజులవి. సముద్రంలో బతికే ఓ బ్యాక్టీరియా చీకట్లో నీలంగా వెలుగుతుంది. విషం తగిలితే ఆరిపోతుంది. ల్యాబ్‌లో దానితో సముద్రపు నీళ్లు పరీక్షించేవాళ్లం.

ఓసారి ఉత్సాహం ఆపుకోలేక, కొల్లేటి దగ్గర మా చేపల చెరువు నీళ్లు తెచ్చి అందులో పోశాను. వెలుగు ఆరిపోయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"నాన్నగారూ, చేపలు పట్టించకండి. మన నీళ్లలో విషం ఉందండీ."

పాపం, ఆయన గట్టు మీదికొచ్చిన లారీని తిప్పి పంపేశారు.

తర్వాత మా ల్యాబ్ మేడమ్ వచ్చి, "చెరువు నీళ్లలో ఉప్పు కలిపావా అమ్మా? ఉప్పు లేకపోతే ఈ బ్యాక్టీరియా చచ్చిపోతుంది" అన్నారు. ఉప్పు కలిపి మళ్లీ చేస్తే, వెలుగు నిక్షేపంలా నిలిచింది.

ఇప్పటికీ నేను చేపల పులుసు వడ్డిస్తే నాన్నగారు ముద్ద కలపకుండా అడుగుతారు: "ఉప్పు వేశావా అమ్మా, లారీని తిప్పి పంపేయమంటావా?"