మల్లవ్వ జవాబు

గడ్డపోతారం మందుల కంపెనీలో మల్లవ్వ మాత్రలు డబ్బాలకెత్తేది. మొగుడు పోయాక కూలి మాని కంపెనీ బస్సెక్కిన మనిషి. నోట్లో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు.

అక్కడ ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచేవారు. తాళంచెవి సూపర్‌వైజరు కామేశ్వరరావు జేబులో. అడగలేక, ఆడవాళ్లు షిఫ్టు అయ్యేదాకా గుక్కెడు నీళ్లు తాగేవారు కాదు.

రెండువేల ఏడులో యూనివర్సిటీ నుంచి అన్నపూర్ణ అనే పరిశోధకురాలు వాళ్లతో మాట్లాడదామని వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆమె ప్రశ్నలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది. అవును, కాదు అని టిక్కు పెట్టే ప్రశ్నలు కావవి. ఎవరి గోడు వాళ్ల మాటల్లోనే చెప్పాలి. పేరు అక్కర్లేదు. బొల్లారంలో నెట్ సెంటరు నడిపే పద్మావతి, ఎవరేం చెప్పినా కంప్యూటర్లో కొట్టిపెడుతుందని విని ఆదివారం మల్లవ్వ వెళ్లింది.

ఆమె చెప్పిందంతా విని పద్మావతి ఒక ముక్క కొట్టింది.

"ఏం కొట్టినవ్? జెర సదువు."

"మరుగుదొడ్డి సౌకర్యం సరిగా లేదు."

"నేను గట్ల చెప్పిన్నా? తాళంచెవి అడిగితే నవ్విండు. ఆపుకోలేక చీరెలనే అయింది. తడిచీరెతోనే పొద్దుమీకేదాంక డబ్బాలు నింపిన. గదే కొట్టు."

"అదంతా ఎందుకు మల్లవ్వా, సిగ్గుచేటు కదా."

"సిగ్గు తాళమేసినోనికి ఉండాలె. నా పేరు గూడ పెట్టు."

పద్మావతి ముందు కొట్టిన ముక్క చెరిపేసింది. తర్వాత ఒక్క మాట వదలకుండా కొట్టింది.

సంగతి తెలిసి, మల్లవ్వతో పనిచేసే పోశమ్మ కూడా నెట్ సెంటరుకు వెళ్లింది. వెనకే ఇంకొందరు. అన్నపూర్ణ ఆ జవాబుల్లో పేర్లు తీసేసి కంపెనీకి పంపింది. మర్నాడే కామేశ్వరరావు అందరినీ నిలబెట్టాడు.

"ఎవరు చెప్పారివన్నీ?"

"నేనే చెప్పిన సారు," అంది మల్లవ్వ.

"రేపట్నుంచి పనికి రావొద్దు."

"నేను గూడ చెప్పిన," అంది పోశమ్మ. పక్కన ఇంకొకామె, ఆ పక్కన మరొకామె. ఒక్కరూ తల దించలేదు. అందరినీ పంపేస్తే ఆ పూట డబ్బాలు నింపేవాళ్లే లేరు.

మల్లవ్వ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యి సారు."

అతను ఇవ్వక తప్పలేదు. ఆ తలుపుకు మళ్లీ తాళం పడలేదు. నెల తిరిగేసరికి ఏదో సాకు చెప్పి మల్లవ్వను తీసేశారు. ఆమె కాజీపల్లిలో ఇంకో కంపెనీలో చేరింది. చేరిన రోజునే, పని చూపించబోయిన మేస్త్రీని ఆపి అడిగింది:

"పని తర్వాత సూపెట్టు. ఆడోళ్ల దొడ్డి ఏడుంది?"